లాకుల దగ్గర

దుగ్గిరాల పసుపు యార్డు గాలి
నా కొట్లోకీ వస్తుంది.
గాజు బల్ల ఎన్నిసార్లు తుడిచినా
వేలికి పసుపే.

నా పని లాకులు తియ్యడం.
ప్యాటర్న్ మర్చిపోయినవాళ్లు వస్తారు,
పిల్లలు నొక్కీ నొక్కీ బిగుసుకుపోయిన ఫోన్లు వస్తాయి.
బిల్లుందా అని ముందు అడుగుతాను.
లేదంటే పొమ్మంటాను, మేనమామ అయినా సరే.

మొన్న పానకాలరావు మాస్టారు వచ్చారు.
ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి
నాలుగంకెలు మర్చిపోయారు.
ఫోను నా చేతిలో పెట్టి
స్టూలు లాక్కుని
పాఠం మొదలుపెట్టారు.

"లాక్ అంటే ఏంటనుకున్నావ్?
మొదట్లో ఇనుమూ లేదు, బీగమూ లేదు.
గడియ, అంతే. దొడ్డికి అడ్డం పెట్టిన కర్ర.
ఆ కర్ర లోపలున్న చోటుక్కూడా అదే పేరు.
జర్మనీ వాళ్ల నోట్లో పడి
అదే మాట కన్నం అయి కూర్చుంది.
మెళ్లో లాకెట్టుందే, అది దీని మనవరాలు,
ఫ్రాన్సులో పెరిగొచ్చింది.
జుట్టు పాయనీ లాకంటారు గానీ
దానికీ దీనికీ చుట్టరికం లేదు,
ఇంటిపేరొకటే."

సిమ్ము ట్రేలో పిన్ను గుచ్చుతూ వింటున్నాను.
లాకెట్టు అనగానే చెయ్యాగింది.
అమ్మది. తెనాలిలో, తాకట్టు కొట్టు బీరువాలో,
పదకొండేళ్లుగా.
ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు.

"మా తాళానికి చెవుంది మాస్టారూ,
కప్ప కూడా ఉంది" అన్నాను.
"గుమ్మం మీద కప్ప నోరు మూసుక్కూర్చుంటుంది,
చెవిలో ఏదో చెప్తేనే తెరుస్తుంది."
నవ్వారు. జేబులోంచి కరెంటు బిల్లు తీసి
వెనకాల రాసుకున్నారు.

నాకు లాకంటే ముందు నాన్న.
జకరయ్య, కాలవ లస్కరు.
ఆ మాట పారసీలో సైన్యమట, అదీ మాస్టారే చెప్పారు.
మా సైన్యంలో నాన్న ఒక్కడే.
ఒక గొడుగు, ఒక టార్చిలైటు,
తుప్పు మరకలు వదలని ఖాకీ నిక్కరు.

మా ఊళ్లో లాకులంటే చిరునామా.
లాకుల దగ్గర దిగు.
లాకుల దగ్గర వేడి బజ్జీలు.
లాకుల దగ్గర తేలింది ఎవరో, మన ఊరివాడు కాదట.
ఎప్పుడూ బహువచనమే.
ఒక్క లాకుని ఎవరూ పట్టించుకోరు.

పడవలు పోయాక పుట్టినదాన్ని.
ఎలా దాటేవో నాన్న అరుగు మీద చూపించాడు,
చెప్పులు రెండూ అడ్డం పెట్టి, చెంబుతో నీళ్లు పోసి.
"ఇటు ఎత్తు, అటు పల్లం.
పడవ లోపలికి రాగానే వెనక తలుపు బిగించెయ్యాలి.
తర్వాత నీళ్లు మెల్లగా దించాలి.
అప్పుడే ముందు తలుపు.
రెండూ ఒక్కసారి తీశావా, పడవుండదు, నువ్వూ ఉండవు.
మూసేది ఆపడానిక్కాదే పిచ్చిదానా, దాటించడానికి."
చెప్పులు తడిసినందుకు అమ్మ తిట్టింది.

ఇది చెప్తే మాస్టారు ఒప్పుకోలేదు.
"ముందు ఏటికి అడ్డమే అమ్మా దాని అర్థం.
దాటించడం తర్వాతొచ్చింది."
అర్థాలకి వయసుంటుందేమో.
మా అన్న తెనాలి లాకప్పులో రెండ్రాత్రులున్నాడు,
వాడి దగ్గర ఆ మాటకి ఏ వయసో
అడిగే ధైర్యం నాకు లేదు.

"రీసెట్ కొడితే తెరుచుకుంటుంది మాస్టారూ.
లోపలున్నవన్నీ పోతాయి. ఫోటోలూ, మాటలూ."
చాలాసేపు ఫోను వైపే చూశారు.
ఏ సంవత్సరమో గొణిగారు, కొట్టి చూశారు, కాదు.
ఇంకోటి గొణిగారు. కాదు.
"పోనీలే. రింగయితే ఎత్తడానికొస్తుందిగా?"
"వస్తుంది."
"ఇంకేం."

డబ్బులు తీసుకోలేదు, ఏం పని చేశానని.
సాయంత్రం కొట్టు మూసి పోతుంటే
లాకుల దగ్గర, పిట్టగోడ మీద,
ఫోను చెవికి ఆనించుకుని గట్టిగా మాట్లాడుతున్నారు,
కాలవ హోరులో అవతలివాళ్లకి వినపడదని.

పొద్దున వచ్చి బల్ల తుడిచాను.
స్టూలు మాత్రం తుడవలేదు.
మాస్టారు కూర్చున్నంత మేర
పసుపు లేదు.